సాయం ముందు ఊరికా, దేశం కాని దేశానికా? తేల్చుకునే పద్ధతి

బోనస్ పడిన నెలలోనో, నాన్నగారి సంవత్సరీకం దగ్గర పడినప్పుడో ఈ గొడవ మొదలవుతుంది. ఒకరు మన ఊరి బడికి ఇద్దామంటారు, ఇంకొకరు ఆఫ్రికాలో పిల్లలు దోమకాటుకి చచ్చిపోతుంటే బడికి రంగులు ఎందుకంటారు, మధ్యలో బాబాయి దూరి ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు అని తీర్పు చెప్పేస్తారు. ఆఖరికి ఎవరికీ ఏమీ ఇవ్వకుండానే ఆ డబ్బు కాస్తా క్రెడిట్ కార్డు బిల్లులో కలిసిపోతుంది. హైదరాబాద్‌లో జీతం తీసుకునేవాళ్లకీ, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డవాళ్లకీ ఇద్దరికీ పనికొచ్చేలా రాస్తున్నా. రూల్స్ మారే చోట విడివిడిగా చెబుతా.

నా మాట ముందే చెప్పేస్తాను, ఒప్పుకోనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఊరికి మీ టైమ్ ఇవ్వండి, దూరానికి మీ డబ్బు పంపండి. మామూలుగా మనవాళ్లు దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు. ఊరికి డబ్బు పంపి చేతులు దులుపుకుంటారు, దూరంలో ఉన్నవాళ్ల కోసం ఫేస్‌బుక్‌లో బాధపడతారు.

ముందు లెక్క చూసుకోండి

పేదరికం అన్నిచోట్లా ఒకటి కాదు. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో కటిక పేదరికానికి గీతని రోజుకి మనిషికి 3 డాలర్లకి మార్చింది. ఇది బజారు మారకపు రేటు డాలరు కాదు, ఆయా దేశాల్లో సరుకుల ధరల్ని బట్టి సర్దిన డాలరు. ఆ గీత ప్రకారం చూసినా మన దేశంలో 2011-12లో 27 శాతం పైన ఉన్నవాళ్లు 2022-23 నాటికి 5 శాతం చిల్లరకి వచ్చారు. ఇప్పుడు కటిక పేదల్లో ఎక్కువమంది ఉన్నది సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల్లో. ఇక అమెరికా ప్రభుత్వం 2025కి పెట్టుకున్న పేదరికపు గీత నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 32,150 డాలర్లు. డాలస్‌లో ఇల్లు లేక కారులో పడుకునేవాడి కష్టం కష్టం కాదని నేననను, కానీ అక్కడ మీ వంద డాలర్లు ఎంత దూరం వెళతాయి, ఆఫ్రికాలోని మలావీ దేశంలో ఎంత దూరం వెళతాయి అన్నది వేరే లెక్క.

దేశం లోపల కూడా ఇదే తేడా. నీతి ఆయోగ్ లెక్కగట్టిన బహుముఖ పేదరికం (ఆదాయం ఒక్కటే కాకుండా తిండి, చదువు, మరుగుదొడ్డి, వంట గ్యాస్, కరెంటు లాంటివన్నీ కలిపి చూస్తారు) 2019-21లో తెలంగాణలో 5.88 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 6.06 శాతం. బీహార్‌లో 33.76. జార్ఖండ్‌లో 28.81. అంటే మాదాపూర్‌లో కూర్చున్నవాళ్లకి దూరం అంటే కెన్యానే అవ్వక్కర్లేదు, బీహార్‌లోని కిషన్‌గంజ్ కూడా దూరమే.

ఇది చదివి "అయితే డబ్బంతా దూరానికే" అని ఎగిరి గంతేయకండి. సగటు ఆరు శాతం అన్నచోట పాడేరు కొండల్లో ఇప్పటికీ నిండు గర్భిణిని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొస్తున్నారు. సగటుకి ఆ డోలీ కనిపించదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న దగ్గరా దూరమా అని కాదు. నేను ఇది చేయకపోతే ఇంకెవరైనా చేస్తారా, చేసినదాన్ని నేను మళ్లీ చూసుకోగలనా అని.

ఊరి సంగతి: చేతిలో డబ్బు కాదు, ఫైల్లో కాగితం

మన రెండు రాష్ట్రాల్లో పేదలకి వచ్చే పథకాలు తక్కువేం కాదు. రేషన్ బియ్యం ఉంది, తెలంగాణలో 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. ఆంధ్రాలో 2024 జులై నుంచి వృద్ధాప్య, వితంతు పింఛను నెలకి 4 వేలు. ఆసుపత్రి ఖర్చుకి 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేర్లు మార్చుకుంటూ నడుస్తూనే ఉంది. ఇవన్నీ ఉండి కూడా ఊళ్లో కొన్ని ఇళ్లు ఎందుకు లేవలేకపోతున్నాయో దగ్గరగా చూస్తే చాలాసార్లు ఏదో ఒక కాగితం దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఆధార్‌లో పుట్టిన ఏడు తప్పు. వేలిముద్ర పడదు. కోడలి పేరు ఇంకా పుట్టింటి రేషన్ కార్డులోనే ఉంటుంది. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపుకి స్లాట్ దొరకదు.

ఒకటి చెబుతా. మా అమ్మ వాళ్ల వీధిలో ఒకావిడ భర్త మేస్త్రీ పని చేసేవాడు, హైదరాబాద్‌లో పనిలో ఉండగా జబ్బు చేసి అక్కడే ఆసుపత్రిలో పోయాడు. శవాన్ని ఊరికి తెచ్చి దహనం చేశారు. మరణ ధ్రువపత్రం కోసం ఆవిడ పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగింది, ఇక్కడ కాదు పొమ్మన్నారు, ఎక్కడో ఎవరూ చెప్పలేదు. విషయం ఏంటంటే చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది, అంటే ఆవిడకి కావాల్సిన కాగితం హైదరాబాద్ మున్సిపల్ రికార్డులో ఉంది. మీసేవలో తీస్తే వచ్చేసింది. నమోదే కాకుండా ఏడాది దాటిపోయుంటే ఆర్డీఓ ఉత్తర్వు దాకా వెళ్లేది వ్యవహారం. ఆ కాగితం పట్టుకుని ఆయన బ్యాంకు పాసుపుస్తకం తిరగేస్తే ప్రతి ఏడూ మే నెలాఖరులో 436 రూపాయలు కట్ అయి ఉంది. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. 2 లక్షలు రావాలి ఆవిడకి. ఖాతా తెరిచిన రోజు బ్యాంకువాళ్లు సంతకం పెట్టించుకున్నారు, ఇంట్లో ఎవరికీ తెలీదు. క్లెయిమ్ ఫారం నింపడానికి మా కజిన్ ఒకడు బండి మీద తిప్పాడు. అందరం కలిసి పెట్టిన ఖర్చు పెట్రోలు, జిరాక్సులు. చేతిలో పెడదామనుకుంటే పదివేలు పెట్టేవాళ్లమేమో, ఆవిడ అప్పు వడ్డీకి కూడా సరిపోయేది కాదు.

అందుకే అంటున్నా, ఊరికి టైమ్ ఇవ్వండని. ఎలాగంటే, ఊళ్లో మీకు నమ్మకమైన మనిషిని ఒకరిని పట్టుకోండి. సర్పంచ్ కాదు, మీ బంధువుల్లో పెత్తనం చేసే మావయ్య అసలే కాదు, వీధి వీధీ తిరిగే ఆశా కార్యకర్తో, అంగన్‌వాడీ టీచరో, డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న అమ్మాయో. ఊళ్లో బాగా కిందనున్న ఓ పది ఇళ్లు చెప్పమనండి. ఒక్కో ఇంటికీ నాలుగు సంగతులు కనుక్కోమనండి: రేషన్ కార్డులో అందరి పేర్లూ ఉన్నాయా, రావాల్సిన పింఛను వస్తోందా, ఈ మూడు నాలుగేళ్లలో ఎవరైనా పోతే మరణ ధ్రువపత్రం తీశారా, పాసుపుస్తకంలో 436 గానీ 20 గానీ కట్ అవుతోందా (20 రూపాయలది ప్రమాద బీమా, అదీ 2 లక్షలే). తెలంగాణలో పట్టా ఉన్న రైతు 59 ఏళ్ల లోపు పోయుంటే రైతు బీమా 5 లక్షలు వచ్చాయో లేదో కూడా. ఇది రాసుకుంటే ఆ పది ఇళ్లలో కనీసం రెండు మూడు చోట్ల ఏదో ఒకటి ఆగి ఉంటుందని నా నమ్మకం. ఆ తర్వాత మీ పని ఫోన్లు చేయడం, ఆన్‌లైన్లో స్టేటస్ చూడటం, అర్జీ రాసిపెట్టడం, సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వమని పంపడం. శనివారం ఉదయం గంట చాలు. అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకా తేలిక, మీ రాత్రి ఇక్కడ ఆఫీసు టైమ్. ఆ కనుక్కునే మనిషికి మాత్రం ఊరికే చేయించుకోకండి, నెలకి ఇంతని ఇవ్వండి, ఊరి కోసం మీరు పెట్టే డబ్బులో ఇదే అన్నిటికంటే సద్వినియోగం.

ఊళ్లో మనుషులు ఎవరూ మిగల్లేదు అనుకునేవాళ్లకి ఆంధ్రాలో 2025 ఉగాది నాడు మొదలుపెట్టిన పీ4 ఉంది, స్థోమత ఉన్నవాళ్లు మార్గదర్శులుగా ఒక పేద కుటుంబాన్ని (బంగారు కుటుంబం అంటారు) దత్తత తీసుకోవడం. ఆలోచన మంచిదే. మీ పేరు రాయించుకున్నాక ఆ కుటుంబంతో మీరే నేరుగా ఫోన్లో మాట్లాడండి, మధ్యలో ఎవరో రిపోర్టు రాసి పంపితే చదివి ఊరుకోకండి.

ఊళ్లో డబ్బు ఎక్కడ పోతుంది

ఆర్చి. ఊరి మొదట్లో స్వాగత ద్వారం, మీద తాతగారి పేరు. దీని గురించి ఎక్కువ మాట్లాడను, అది సాయం కాదు, జ్ఞాపకం, కట్టుకోండి, కానీ సాయం ఖాతాలో రాసుకోకండి.

ఆర్‌ఓ వాటర్ ప్లాంటు సంగతి వేరు, అది నిజంగా మంచి మనసుతో పెట్టేదే. ప్రారంభోత్సవం రోజు బాగుంటుంది. తర్వాత కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, మెంబ్రేన్ ఎవరు మార్పించాలి, ఆపరేటరు జీతం ఎవరిది అన్నది ఎవరూ రాసుకోరు, కొన్నాళ్లకి షెడ్డుకి తాళం, బయట శిలాఫలకం. ప్లాంటు పెట్టాలనుకుంటే దాని ఖరీదు కాకుండా ఐదేళ్ల నిర్వహణ ఖర్చు ముందే పక్కన పెట్టండి, బిందెకి ఐదో పదో వసూలు చేసి లెక్క రాసే మహిళా సంఘానికి అప్పజెప్పండి. అలా కుదరదంటే పెట్టకండి.

ఇక గేదెలూ, మేకలూ, కుట్టు మిషన్లూ. ఇక్కడ మనవాళ్లు తెలుసుకోవాల్సిన ముచ్చట ఒకటుంది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ మొదలుపెట్టిన పద్ధతి, కటిక పేద ఆడవాళ్లకి ఒక పశువో చిన్న వ్యాపారమో ఇచ్చి, కొన్నాళ్లు తిండి ఖర్చుకి కొంత ఇచ్చి, వారం వారం వెళ్లి నేర్పించడం. దీన్ని ఆరు దేశాల్లో పరీక్షించి 2015లో ఫలితాలు వేశారు. పశ్చిమ బెంగాల్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది, ఏళ్ల తర్వాత వెళ్లి చూసినా ఆ కుటుంబాలు మెరుగ్గానే ఉన్నాయి. (హోండురస్‌లో పంచిన కోళ్లు జబ్బు చేసి చచ్చిపోయాయి, అదొక కథ.) ఇదే పద్ధతిని ఉమ్మడి రాష్ట్రంలో మన మెదక్ జిల్లాలోనూ విడిగా చేసి చూశారు. ఎక్కువమంది గేదెనే కోరుకున్నారు. పాల మీద ఆదాయం వచ్చింది కూడా. కానీ గేదెని చూసుకుంటూ కూలికి వెళ్లడం తగ్గించేశారు, సరిగ్గా ఆ రోజుల్లోనే వ్యవసాయ కూలి రేట్లు పెరిగాయి, దాంతో గేదె రానివాళ్లు కూలి మీదే వీళ్లతో సమానంగా సంపాదించారు. మొత్తం మీద తేడా ఏమీ తేలలేదు. బెంగాల్‌లో గెలిచింది మెదక్‌లో ఎందుకు ఓడిందంటే గేదె తప్పు కాదు, మెదక్‌లో ఆవిడకి అప్పటికే ఇంకో దారి ఉంది. కాబట్టి మీరు ఏదైనా వస్తువు కొనిచ్చే ముందు ఆవిడనే అడగండి, దీన్ని చూసుకోవడానికి నువ్వు ఏ పని మానేయాలి అని. జవాబు కూలి మానాలి అయితే ఆగి లెక్క వేయండి.

మరి ఊరికి డబ్బు ఎప్పుడు ఇవ్వాలి? పథకం ఆగిపోయే ఖాళీలో. డయాలసిస్ ఉచితమే, కానీ ఉద్దానం పల్లె నుంచి వారానికి రెండు మూడుసార్లు వెళ్లి రావడానికి ఆటోకి ఎవరిస్తారు? ఆపరేషన్ ఉచితమే, తోడు ఉన్నవాళ్లకి రోజు కూలి పోతుంది. ఇంటర్ దాకా గురుకులంలో చదివిన పిల్ల డిగ్రీ మొదటి ఏడు హాస్టల్ డిపాజిట్ దగ్గర ఆగిపోతుంది. ఇలాంటివాటికి డబ్బు నేరుగా ఖాతాలోకే వేయండి, ఫోటో అడక్కండి.

దూరానికి పంపేటప్పుడు

ఇక్కడ మీ టైమ్‌కి విలువ లేదు. మీకు చిచెవా భాష రాదు, మలావీలో మండలాఫీసు ఎక్కడుందో తెలీదు. పనికొచ్చేది డబ్బే, అది కూడా పని ఎంతకు తేలుతుందో లెక్క బయటపెట్టే చోటికి వెళ్లాలి. ఒక ఉదాహరణ. 2023లో మలేరియాతో ప్రపంచంలో దాదాపు 6 లక్షల మంది చనిపోయారు, అందులో 95 శాతం ఆఫ్రికాలో, అక్కడ పోయినవాళ్లలో నాలుగింట మూడొంతులు ఐదేళ్ల లోపు పిల్లలు. మందు పూసిన దోమతెర ఒకటి ఇంటికి చేర్చడానికి ఐదారు డాలర్ల లోపే. ఎగెనెస్ట్ మలేరియా ఫౌండేషన్ పని ఇదే, ఏ ఊళ్లో ఎన్ని తెరలు ఇచ్చారో పెడుతుంది. ఇలాంటి సంస్థల్ని జల్లెడ పట్టే గివ్‌వెల్ అంచనా ప్రకారం మొత్తం ఖర్చులన్నీ కలిపి ఒక ప్రాణం నిలబడటానికి సుమారు 5 వేల డాలర్ల చుట్టుపక్కల అవుతుంది. తెర ఐదు డాలర్లయితే ప్రాణానికి వెయ్యి రెట్లు ఎందుకంటే తెర కింద పడుకున్న ప్రతి పిల్లాడూ మలేరియాతో చనిపోయేవాడు కాదు కదా. "పది డాలర్లకి ఒక ప్రాణం" అని ఎవరైనా పోస్టర్ వేస్తే వాళ్లకి ఇవ్వకండి. తెరలూ మందులూ వద్దు, డబ్బే చేతికివ్వాలనుకుంటే గివ్‌డైరెక్ట్లీ ఉంది, కెన్యా లాంటి చోట్ల పేద ఇళ్లకి ఫోన్ ద్వారా నేరుగా పంపుతుంది. 2025 జులైలో అమెరికా ప్రభుత్వం పేద దేశాలకి సాయం పంపే తన సంస్థ యూఎస్ఎయిడ్ దుకాణం కట్టేశాక అక్కడ ఖాళీలు పెరిగాయి, కాబట్టి ఇంకెవరైనా చేస్తారా అన్న నా ప్రశ్నకి ఇప్పుడు జవాబు మునుపటికంటే బలంగా "లేదు" అనే వస్తుంది.

పంపే దారులు చూద్దాం, బోరు కొట్టినా చదవండి.

ఇండియాలో ఉంటే: విదేశీ సంస్థకి దానం రిజర్వు బ్యాంకు ఎల్ఆర్ఎస్ (మనుషులు సొంత డబ్బు విదేశాలకి పంపుకోనిచ్చే పథకం) కింద పంపొచ్చు, ఏడాదికి 2.5 లక్షల డాలర్ల హద్దు, 10 లక్షల రూపాయలు దాటితే 20 శాతం టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు, తర్వాత రిటర్నులో సర్దుకుంటుంది. విరాళం మీద పన్ను తగ్గించే 80జి రాయితీ మాత్రం రాదు, అది ఇక్కడ ఆమోదం పొందిన సంస్థలకే, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే, నగదుగా 2 వేలు దాటి ఇస్తే ఆ రాయితీ కూడా లేదు. అందుకే హైదరాబాద్‌వాళ్లకి నా సలహా, మీ దూరం బీహారో జార్ఖండో ఒడిశానో పెట్టుకోండి. పిల్లలకి చదవడం నేర్పే ప్రథమ్ లాంటి సంస్థలు అక్కడ పనిచేస్తున్నాయి, పరిశోధకులు బయటి నుంచి పరీక్షించిన పని అది.

అమెరికాలో ఉంటే: ఇండియా సంస్థకి నేరుగా పంపితే అక్కడ పన్ను తగ్గదు, 501సి3 (దానధర్మాల సంస్థగా పన్ను గుర్తింపు) ఉన్న అమెరికా సంస్థ ద్వారానే పంపాలి. 2026 నుంచి స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లు కూడా ఒంటరివాళ్లు వెయ్యి, దంపతులు రెండు వేల డాలర్ల దాకా నగదు దానం చూపించుకోవచ్చు. కంపెనీ మ్యాచింగ్ (మీరిచ్చినంత కంపెనీ కూడా ఇవ్వడం) ఉందేమో చూడకుండా ఇస్తే సగం డబ్బు వదిలేసినట్టే. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నన్నాళ్లు మీ సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా ఇక్కడి ట్రస్టుకి ఇస్తే అది విదేశీ విరాళం కిందకి రాదు. సిటిజన్‌షిప్ తీసుకున్న మర్నాటి నుంచి, విదేశీ పౌరులైన భారతీయులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అదే డబ్బు విదేశీ విరాళం. తీసుకునే సంస్థకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి, ఒక సంస్థ ఇంకో సంస్థకి పంచడానికి వీల్లేదు. ఊళ్లో యువజన సంఘానికి ఇవేవీ ఉండవు, పాపం వాళ్ల ఖాతాలో వేసి వాళ్లని ఇరికించకండి. సొంత బంధువుకి పంపొచ్చు, ఏడాదికి 10 లక్షల దాకా ప్రభుత్వానికి చెప్పనక్కర్లేదు, స్నేహితుడికి ఆ వెసులుబాటు లేదు.

మీరుండే చోటి పేదలకి కూడా ఏదో ఒకటి చేయాలనిపిస్తే, అమెరికాలో ఫుడ్ బ్యాంకుకి డబ్బాలు మోసుకెళ్లకండి, డబ్బివ్వండి. వాళ్లు టోకున కొంటారు, మీ డాలరుకి మీకంటే ఎక్కువ తిండి తెస్తారు.

దగ్గరా దూరమా తేలనివాళ్లు

ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశాలోని బలంగీర్, నువాపడా కుటుంబాలు రంగారెడ్డి, సంగారెడ్డి, పెద్దపల్లి జిల్లాల్లో ఉంటాయి. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోసేది బీహార్ హమాలీలు. వాళ్ల రేషన్ కార్డు అక్కడ, పిల్లలు ఇక్కడ, ఒడియా మాట్లాడే పిల్లకి తెలుగు బడిలో కూర్చుంటే ఏం అర్థమవుతుంది. వీళ్లకి ఓటు ఇక్కడ లేదు కాబట్టి ఇక్కడి నాయకుడికి పట్టదు. ఇంకెవరూ చేయరు, నేను వెళ్లి చూసుకోగలను, రెండు పరీక్షలూ ఒకేసారి నెగ్గే చోటు ఇది. బట్టీ దగ్గర ఒక సీజన్ బడి నడిపే వలంటీరుకి జీతమిస్తే నాకు తెలిసి ఇంతకంటే మంచి ఖర్చు లేదు.

దీనికి తిరగేసిన రకం గల్ఫ్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ మగవాళ్లు, కడప, కోనసీమ నుంచి కువైట్ ఇళ్లల్లో పనికెళ్లే ఆడవాళ్లు, వీళ్లు విదేశంలో ఉన్న మన పేదలు. పద్ధతిగా ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో (విదేశంలో పనికి వెళ్లడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, 10 లక్షల కవరుకి ప్రీమియం రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375. విజిట్ వీసా మీద పంపే ఏజెంటు దీన్ని ఎగ్గొడతాడు. ఊళ్లో ఎవరైనా వెళ్తున్నారని తెలిస్తే ఆ వీసా కాగితం ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకుని ఏ వీసానో చదివి చెప్పండి. తెలంగాణలో గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షలు ఇస్తున్నారు, దానికీ మళ్లీ కాగితాలే.

పంపకం

నేనైతే ఇచ్చే డబ్బులో పదికి ఆరు దూరానికి, ఊళ్లో కనుక్కునే మనిషి గౌరవ వేతనానికీ ఊరి ఖాళీలకీ కలిపి మూడు, మిగిలిన ఒకటి ముఖం చూసి కాదనలేని వాటికి పెడతాను. మీ లెక్క మీది, కానీ ఆ ఆఖరి భాగం విడిగా పెట్టుకోండి. గుడి పునఃప్రతిష్ఠ, వినాయక చవితి చందా, దూరపు బంధువుల పెళ్లి, ఇవన్నీ అందులోంచే. అది అయిపోతే ఈ ఏడాదికి అయిపోయిందని చెప్పడానికి నోరు లేస్తుంది. దూరానికి వెళ్లేది నెలనెలా ఆటో డెబిట్ పెట్టేయండి, లేకపోతే ఊరి నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా ముందు కోత దానికే పడుతుంది, మలావీ నుంచి ఎవరూ ఫోన్ చేసి అడగరు కదా.

ఏడాదికోసారి, ఉగాదికో దసరాకో, ఆ పది ఇళ్ల కాగితం తీసి ఏది కదిలింది ఏది కదల్లేదు చూడండి. వరుసగా రెండేళ్లు ఏదీ కదలకపోతే మనిషిని మార్చండి, ఊరిని కాదు.